ఎర్రబాణాలు

ఆరుంబావైంది. ఏడింటికి ఇంటావిడ మాత్ర వేసుకోవాలి, మాత్ర పడాలంటే ముందు కడుపులో ఏదో ఒకటి పడాలి, ఆ ఏదో ఒకటి ఇవాళ మళ్ళీ ఆ తెల్లటి జావ కాకూడదని పొద్దుట బూట్లు తొడుక్కుంటున్నప్పుడే అతను ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టయితే పెట్టుకున్నాడు గానీ, తీరా కోడిమాంసాన్ని చెక్క మీద పెట్టి కత్తి పట్టుకునేసరికి చెయ్యి ఆడడం లేదు. ఎంత ముక్క కొయ్యాలి, ఎంత కారం పట్టించాలి? ఇద్దరికి వండడం అతనికి ఇప్పటికీ సరిగ్గా రాదు. ఆస్పత్రి వంటింట్లో ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు, మూడువందల నలభై పళ్ళాలకు వండమంటే కళ్ళు మూసుకుని వండి పారేస్తాడు, అక్కడ గుప్పెడంటే ఒక తట్ట, చెంచా అంటే ఒక గరిటె, ఇక్కడేమో అరచేతిలో పట్టే ఈ మాంసం ముక్క తనవైపు చూసి నవ్వుతున్నట్టుంది. ఎముకల్లేని ముక్క కావాలని అడిగితే కొట్టువాడు, ఏం మాస్టారూ పళ్ళూడిపోయాయా అన్నాడు. నాక్కాదులే అన్నాడతను. కొట్టువాడికి సంగతి గుర్తొచ్చి నాలుక కరుచుకుని, ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడకుండా పొరలూ నరాలూ అన్నీ తీసి, శుభ్రంగా కడిగి చేతికిచ్చాడు. మాట తూలడం కూడా ఒక్కోసారి మంచిదే, మాంసం శుభ్రంగా వస్తుంది.

సన్నగా కొయ్యాలి, కాగితమంత కాదు, వేలి మందంలో సగం. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద చీటీ ఉంది, అందులో అన్నీ వరసగా రాసి ఉన్నాయి, ఆస్పత్రిలో ఎవరికేం పెట్టాలో రాసే డైట్ మేడం రాసిచ్చిన చీటీ. మేడమంటే మేడమే గానీ వయసుకు అతని కూతురంత ఉంటుంది, తనకు పిల్లలుంటే అంతే ఉండేవాళ్ళు. మధ్యాహ్నం పళ్ళాలు కడిగేవేళ ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, చేతులు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, అమ్మా మా ఇంటావిడకి పొద్దున మామిడిపండు వాసన తెలిసిందమ్మా అన్నాడు. ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. నిజంగా తెలిసిందా మాస్టర్ గారూ అంది. ఏమోనమ్మా, అలా అంది మరి అన్నాడు. అయితే ఆలస్యం చెయ్యకండి, వేడిగా కారంగా మాంసం, పక్కన చల్లగా పుల్లగా పండ్లు, రెండూ ఒకే ముద్దలో నోట్లోకి వెళ్ళాలి, నిద్రపోయే నాలుకను రెండువైపుల నుంచీ తట్టి లేపాలి, నోట్లో పుండ్లు మానాయన్నారు గదా, కొద్దిగా కారానికి భయం లేదు, పండులో రసం ఉంటుంది గనక గొంతు ఎండినా మాంసం దిగుతుంది అని గబగబా రాసేసింది. దాన్నేమంటారమ్మా, ఆ పండ్ల పచ్చడిని? సాల్సా అంటారు. పేరు వింటే డ్యాన్సులా ఉందే. డ్యాన్సు కూడా ఉంది మాస్టర్ గారూ, ముందు వండండి, అదెలాగూ తర్వాత వస్తుంది. నవ్వించడానికే అంది పాపం. చీటీ చివర అలవాటు కొద్దీ సంతకం కూడా పెట్టింది, వార్డుకు పంపే కాగితంలాగా.

పొద్దున ఆ వాసన మాట నిజంగా అందా? అతను బూటు తాడు ముడివేస్తున్నాడు, తల కిందికి ఉంది. మెట్ల మీద ఎదురింటావిడ కూర్చుని మామిడిపండు తొక్క తీస్తోంది, తలుపు తెరిచి ఉంది, లోపల తన ఇంటావిడ గోడ పట్టుకుని నీళ్ళగది నుంచి వస్తూ ఆగింది. మామిడిపండు, అంది. అంతే. ఆ పండును చూసి అందో, వాసనొచ్చి అందో. కళ్ళున్న వాళ్ళెవరైనా మామిడిపండును చూసి మామిడిపండనే అంటారు. అతను తలెత్తి, వాసనొచ్చిందా అన్నాడు. ఆమె ఒక్క క్షణం అతని మొహం చూసి, ఊఁ అంది. ఆ ఊఁ ఉంది చూశారూ, దాన్ని పట్టుకునే అతను రోజంతా మూడువందల నలభై పళ్ళాలు నింపాడు. తన మొహంలో ఆశ చూసి, పోనీలే పాపం అని ఊఁ కొట్టిందేమో అని ఒక పక్క, లేదు నిజమేనని ఒక పక్క, బస్సులో రెండుసార్లు దిగాల్సిన చోటు దాటిపోయి వెనక్కి నడిచాడు. ఆశ అనేది చెడ్డ దురద, గోకినకొద్దీ పెరుగుతుంది.

నాలుగు నెలలు. మెడ దగ్గర గడ్డ, ముప్పైమూడు రోజులు ఆ పెద్ద మెషిను కింద మెడ కదపకుండా పడుకోబెట్టారు, గడ్డ పోయింది, పోయిందని డాక్టరు తెర మీద బొమ్మ చూపించి మరీ చెప్పాడు, అతను డాక్టరు చేతులు పట్టుకున్నాడు కూడా. కానీ గడ్డతో పాటు రుచీ పోయింది. వస్తుందండీ, కొందరికి మూడు నెలలు, కొందరికి ఏడాది, కొందరికి... అని డాక్టరు అక్కడ ఆపి కాగితాలు సర్దుకున్నాడు. మొదటివారం ఆమె అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, తడిసిన అట్టముక్కలా ఉందయ్యా అంది. రెండోవారం, రేకు నాకినట్టుంది అంది. ఆ తర్వాత ఏమీ అనడం మానేసింది. ఆ తర్వాత నుంచీ బాగుంది అనడం మొదలెట్టింది. పెరుగు పెట్టినా బాగుంది, పులుసు పెట్టినా బాగుంది, ఒకరోజు అతను పొరపాటున పాలలో చక్కెర వెయ్యకుండా ఇస్తే అదీ బాగుంది. రెండు గుక్కలు తాగి, బాగుందయ్యా, చాలు అని గోడవైపు తిరిగి పడుకునేది. ఇరవయ్యారేళ్ళ కాపురంలో ఆ మాట అతను ఎన్నిసార్లు విన్నాడో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అదీ ఒక చేతి వేళ్ళ మీద. ఇప్పుడు పూటకు మూడుసార్లు వింటున్నాడు. విన్నప్పుడల్లా, దీనికన్నా తిట్టినా బాగుండును అనుకుంటాడు.

ఎందుకంటే ఆమె బతుకే తప్పులు పట్టడం. బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ బల్ల దగ్గర ఇరవైరెండేళ్ళు నిలబడింది, కుట్టిన చొక్కా బల్ల మీదికి రాగానే కాలరు, జేబు, చంక, గుండీలు, అంచు, వరసగా కళ్ళతో ఒక చుట్టు, వేళ్ళతో ఒక చుట్టు, తప్పున్న చోట చిన్న ఎర్రబాణం అంటించాలి, అదే పని. గోరంత ఎర్ర కాగితం బాణాలు, వెనక జిగురుతో, షీట్లు షీట్లుగా ఇచ్చేవాళ్ళు. ఆమె ఒక షీటు ఇంటికి తెచ్చింది. అంతే, ఇల్లంతా బాణాలే. చెమ్మ పట్టిన గోడకు బాణం, కారే కుళాయికి బాణం, అతని చొక్కాకు ఊడిన గుండీ దగ్గర బాణం. ఒకసారి అతను నిద్రలో ఉండగా నడినెత్తిన పలచబడ్డ చోట ఒకటి అంటిస్తే చూసుకోకుండా డ్యూటీకి వెళ్ళిపోయాడు, వంటింట్లో అందరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. ఇంటికొచ్చి కోప్పడితే, లోపం ఎక్కడుందో చూపించాను, సరిచేసుకోవడం నీ డిపార్ట్‌మెంటు అంది. ఆ నోరు. ఆ నోటికి ఇప్పుడు అన్నీ బాగున్నాయి. నాలుగు నెలలుగా ఇంట్లో ఒక్క కొత్త బాణం లేదు. కుళాయి మళ్ళీ కారుతోంది, ఆమె దాని పక్కనే మొహం కడుక్కుని వెళ్ళిపోతోంది.

కత్తి ఆగింది, ముక్కలైపోయాయి, పద్నాలుగు. గిన్నెలో వేశాడు. ఉప్పు సీసా చెక్క మధ్యలో నిలబడి ఉంది, అరచేతంత మాంసం గనక దాని పక్కనే కోసేశాడు, వెల్లుల్లి చితక్కొట్టాలంటే మాత్రం దాన్ని జరపాలి. ఆ సీసా అక్కడ ఉండడం వెనక ఒక కథ ఉంది. పెళ్ళయిన కొత్తలో మొదటి ఆదివారం, చూడు నా చేతి మహిమ అని గొప్పగా వండిపెడితే ఆమె ఒక ముద్ద తిని, చెయ్యి పళ్ళెం అంచున ఆనించి, ఉప్పేదీ అంది. అప్పుడు చెప్పాల్సొచ్చింది, ఆస్పత్రి గుండిగలో ఉప్పు వెయ్యరని. ఒకే గుండిగ కిడ్నీ వార్డుకూ వెళ్ళాలి, గుండె వార్డుకూ వెళ్ళాలి, కాన్పుల వార్డుకూ వెళ్ళాలి, అందుకని చప్పగా వండి, ఎవరి చీటీ ప్రకారం వాళ్ళ పళ్ళెంలో ఉప్పు పొట్లం పెట్టి పంపుతారు, ఆ పొట్లాల బల్ల వేరే, ఆ మనుషులు వేరే, గుండిగ దగ్గర నిలబడేవాడి చెయ్యి ఉప్పు వైపు పోనేపోదు. మా దగ్గర ఉప్పు వంట కాదు, మందు అన్నాడు కాస్త బింకంగా. ఆమె పొరబోయేదాకా నవ్వి, అయితే ఈ ఇంట్లో డాక్టర్ని నేనే అంది. అప్పట్నుంచీ ఆదివారం వంట అతనిది, ఆఖర్న వచ్చి ఉప్పు వెయ్యడం ఆమెది. చేత్తోనే వేసేది, కొలత లేదు, చూపుడువేలూ బొటనవేలూ కలిపి అలా విదిలించేది. ఆమె పడకేశాక రెండుపూటలు మరిచిపోయి, మూడోపూట ఈ ఉపాయం కనిపెట్టాడు, సీసాను చెక్క నడిమధ్యన పెట్టుకుంటే దాన్ని కదపకుండా పని తెమలదు, కదిపినప్పుడు గుర్తొస్తుంది.

కారం అర చెంచా. వంట నేర్చిన చేతికి అర చెంచా అంటే నవ్వొస్తుంది, కానీ నవ్వాల్సిన సమయం కాదు, ఆ నోట్లో పుండ్లు మాని పట్టుమని పదిరోజులు. మిరియాలు పావు. వెల్లుల్లి రెండు రెబ్బలు. నిమ్మరసం పిండి, నూనె రెండు చుక్కలు. ఇక జీలకర్ర వేయించి పొడి కొట్టి కలపాలి, చిన్న మూకుడు పొయ్యి మీద పెట్టి జీలకర్ర పోశాడు, సన్నసెగ, అదలా చిటపట మొదలయ్యేదాకా పక్కన అనాస కోసుకోవచ్చు అనుకుంటుండగా ఫోను మోగింది. ముందుగదిలో ఆమె లేస్తుందేమోనని ఒక్క గెంతులో అందుకున్నాడు. వదినగారు, ఆమె అక్క, రోజూ ఆరున్నరకు గడియారం తప్పినా ఈవిడ ఫోను తప్పదు.

"ఏం మరిదీ, ఏమైనా తిందా?"

"ఇంకా లేదండీ, చేస్తున్నాను."

"ఏం చేస్తున్నావు?"

"కోడిమాంసం. పండ్లతో."

"మాంసంలో పండ్లేమిటయ్యా? దానికి ఒంట్లో బాగాలేదు సరే, నీకేమైంది?"

"డైట్ మేడం చెప్పింది వదినగారూ."

"ఆ పిల్లకు పెళ్ళయిందా, పెడాకులయిందా, దానికేం తెలుసు నోరు చేదైన మనిషి సంగతి. మెత్తగా జావ పొయ్యి." తర్వాత గొంతు తగ్గింది, ఆ తగ్గడమే అతనికి భయం. "సోమవారమేనా బరువు చూసేది?"

"సోమవారమే."

"నలభైకి తగ్గితే గొట్టం వేస్తారన్నావు."

"తగ్గదు," అన్నాడు. అని, తగ్గదంటే తగ్గకుండా ఉంటుందా అని తన గొంతు తనకే వినబడి గోడకు ఆనుకున్నాడు. పోయిన సోమవారం నలభై కిలోల ఎనిమిది వందలు. మనిషి యాభైఎనిమిది ఉండేది, మెట్లెక్కుతుంటే మెట్లకు తెలిసేది. గొట్టం సంగతి అతనికి చెప్పాలా, గొట్టాల వాళ్ళకు పోసే పాలరంగు ద్రవం రోజూ పొద్దున కలిపేది అతనే, రెండు గంటలకోసారి, ఇన్ని మిల్లీలీటర్లు, వడకట్టి, ఉండలు లేకుండా. దాంతో లేచి తిరిగిన వాళ్ళున్నారు, తప్పేం లేదు, ప్రాణం ముఖ్యం. కానీ ఆమెతో ఆ మాట చెప్పిన రోజున ఆమె చాలాసేపు తన వేళ్ళు తను చూసుకుంది. మా ఫ్యాక్టరీలో బల్ల పక్కన ఒక బుట్ట ఉంటుందయ్యా, కుట్టు విప్పినా బాగుపడని చొక్కాలు అందులో వేస్తాం, నన్ను ఆ బుట్టలో వెయ్యకు, అంది. ఏడవలేదు. ఆమె ఏడిస్తే బాగుండేది, ఓదార్చడమైనా వచ్చు అతనికి. ఇప్పుడు ఈవిడ ఫోనులో, నేను రానా పోనీ, అంటోంది. వదినగారు వస్తే జావ గ్యారంటీ. వద్దులెండి, రేపు చెబుతాను అన్నాడు, ఆవిడ ఇంకా ఏదో అంటోంది, అప్పుడు ముక్కుకు తగిలింది.

గెంతాడు, మూకుడు దించాడు. అయిపోయింది. జీలకర్ర గోధుమరంగు దాటి నల్లబడే అంచుకు వచ్చేసింది, సగం గింజలు ఆ అంచు కూడా దాటాయి. మాడిన జీలకర్రతో బాగుపడిన వంట లోకంలో లేదు, చేదు చివర్న వచ్చి కూర్చుంటుంది, ఎంత పులుపు పోసినా లేవదు. ఆస్పత్రిలో కొత్తగా చేరిన ప్రతి వంటవాడికీ మొదటిరోజు అతను చెప్పేది అదే, మాడితే పారెయ్యి, మళ్ళీ వేయించు, సిగ్గుపడకు. డబ్బా చూశాడు. అడుగున అర చెంచా ఉందో లేదో. గడియారం చూశాడు, ఆరూ ముప్పైఎనిమిది. కొట్టుకు వెళ్ళి రావాలంటే పావుగంట, అప్పటికి ఆమె లేస్తుంది, లేచి ఆలస్యమైందంటే జావ తాగేసి మాత్ర వేసుకుని పడుకుంటుంది. నల్లటివి వేలితో ఏరసాగాడు, పది ఏరాడు, ఇరవై ఏరాడు, అప్పుడు లోపల్నుంచి ఎవరో అన్నట్టు వినబడింది, పోనీలే, ఆమెకెలాగూ తెలియదు.

తనే అనుకున్నాడా ఆ మాట? తనే. ఎవరూ అనలేదు, వదినగారి ఫోను కూడా అయిపోయింది. మూకుడు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఊరందరి వంటలో చేదు వస్తే ఊరుకోనివాడు, సొంత పెళ్ళానికి మాడిన జీలకర్ర పెడుతున్నాడు, ఎందుకంటే ఆమెకు తెలియదు గనక. ఒక చేత్తో రుచి తెలియాలని మొక్కుతూ ఇంకో చేత్తో తెలియదులే అని వండడం. నోట్లో ఏమీ పెట్టుకోకుండానే అతనికి నోరంతా చేదైంది. అయినా రోట్లో వేసి దంచాడు. దంచి ముక్కలకు పట్టించాడు. సిగ్గుపడ్డాడు, పట్టించాడు, రెండూ ఒకేసారి చేశాడు, మనిషి ఎన్నిటినైనా ఒకేసారి చెయ్యగలడు.

అనాస. పైన ఆకుల కుచ్చు కోసి చెక్క చివర నిలబెట్టాడు, తొక్క తీశాడు, కళ్ళు ఒక్కొక్కటీ కత్తిమొనతో తోడాడు. రసం చెక్కంతా పారి సీసా అడుగున చేరింది. అరెరే అని సీసా తీసి, తుడిచి, గట్టు మీద కుచ్చు వెనక పెట్టాడు. మామిడిపండు కోస్తుంటే రసం ముంజేతి దాకా కారింది, ఆ వాసనకు పొద్దుటి మెట్లూ ఊఁ అన్న ఆ గొంతూ మళ్ళీ ఎదుటికొచ్చాయి. చిన్న చిన్న ముక్కలు, సెనగగింజంత కాదు, చింతగింజంత, పంటికి తగలాలి. ఉల్లిపాయ సన్నగా తరిగి చన్నీళ్ళలో ఒకసారి ముంచి పిండాడు, ఘాటు విరగడానికి. పచ్చిమిర్చి ఒకటి, గింజలు తీసేసి. కొత్తిమీర. మళ్ళీ నిమ్మ. గిన్నెలో పసుపూ తెలుపూ ఆకుపచ్చా కలిసి చూడముచ్చటగా ఉంది. గరిటె అంచున కాస్త తీసి నోట్లో వేసుకుంటే పోయేది, ఎవరైనా అదే చేస్తారు, కానీ అతని చెయ్యి అలా పోదు, పొయ్యి దగ్గర నోరు తెరవకూడదని రూలు, రుచి చూడడానికి పదకొండు గంటలకు డైట్ మేడం నమూనా పళ్ళెం పట్టుకుని వస్తుంది. ఇన్నేళ్ళూ రంగు చూసీ వాసన చూసీ వండినవాడు. ఇంట్లో ఆ పదకొండు గంటల పళ్ళెం ఆమెది.

వడ్డించే చెంచా కోసం సొరుగు లాగితే అడుగున ఎర్రగా కనిపించింది. బాణాల షీటు. సగం వాడింది, సగం అలాగే ఉంది. చెంచా తీసుకుని సొరుగు మెల్లిగా మూశాడు.

పెనం కాలింది. ముక్కలు వేస్తే సుయ్యిమంది, ఒక్కోవైపు మూడేసి నిమిషాలు, కదపకూడదు, కదిపితే నీరు వదులుతుంది, వంటలో సగం పని ఊరుకోవడమే, ఆ ఊరుకోవడమే అందరికీ రాదు. ఈ నాలుగు నెలలూ అతనికీ రాలేదు, ఇది తిను, అది తిను, ఇంకో గుక్క, ఇంకో గుక్క అని పెనం మీద ముక్కను పొడిచినట్టు పొడిచాడు పాపం ఆమెను. తిప్పాడు. అంచులు ఎర్రగా కాలాయి. ఇల్లంతా కమ్మటి పొగ. ఆ పొగలో ఒక మూల చేదు ఉంది, అతనికి తెలుస్తోంది. ముందుగదిలో మంచం కిర్రుమంది. చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు. గోడ పట్టుకుని నాలుగడుగులు, ఆగడం, మళ్ళీ నాలుగడుగులు. సాయం వెళ్ళబోయి ఆగాడు, సాయం వెళితే ఆమెకు కోపం, ఆ కోపం ఒక్కటైనా మిగిలింది.

ఆమె వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. శాలువా లోపల ఎక్కడో ఉంది మనిషి. "ఏమిటింత పొగ?" అంది.

"ఏం లేదు, కూర్చో. జావ కాదివాళ."

"అక్క ఫోను చేసిందా?"

"చేసింది."

పళ్ళెంలో మూడే ముక్కలు పెట్టాడు, ఎక్కువ పెడితే చూసే బెదిరిపోతుంది. మీద చల్లటి పండ్లు రెండు చెంచాలు. ఎదురుగా కూర్చున్నాడు, తన పళ్ళెం కూడా పెట్టుకున్నాడు, పెట్టుకున్నాడు గానీ చెయ్యి ఒళ్ళోనే ఉంది. ఆమె ముక్కను సగం తుంచింది, పండుతో కలిపింది, నోట్లో పెట్టుకుంది. మామూలుగా అయితే రెండుసార్లు నమిలి నీళ్ళ గ్లాసు ఎత్తుతుంది, మింగుతుంది, ఆ మాట అంటుంది. గ్లాసు వైపు చెయ్యి పోలేదు. నములుతోంది. కళ్ళు మూసుకుంది. ఫ్రిజ్ గురగుర ఆగింది. కుళాయి ఒక చుక్క వదిలింది. అతను ఆమె దవడ ఎముకనే చూస్తున్నాడు, పైకి కిందికి, పైకి కిందికి. ఆ మాట అనకు, అనకు, ఇవాళ ఒక్కరోజు ఆ మాట అనకు.

ఆమె మింగింది. కళ్ళు తెరిచింది.

"ఉప్పు వేశావా?"

వేశాడు గదా. సీసా చెక్క మధ్యలోనే ఉంది, కదిపినప్పుడు గుర్తొచ్చింది కూడా, ఆ మొదటి ఆదివారం కథంతా గుర్తొచ్చింది. "వేశాను," అన్నాడు. అంటే ఉప్పు కూడా తెలియడం లేదన్నమాట. పొద్దుటి ఊఁ ఉత్తదే, తన మొహం చూసి పారేసిన ముష్టి. సోమవారం, తక్కెడ, గొట్టం, వడకట్టిన పాలరంగు ద్రవం, అది కూడా తన చేత్తోనే కలపాలి. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. వదినగారు వచ్చినా బాగుండేది, ఈ క్షణాన ఇంట్లో ఇంకో మనిషి ఉండేది.

"వేశావా?" అంది మళ్ళీ. "నువ్వు తిని చెప్పు."

తిన్నాడు. పులుపు తగిలింది, తీపి తగిలింది, కారం నాలుక చివర చురుక్కుమంది, ఇంకా ఏదో రావాలి, ఆగాడు, రాలేదు. గట్టు వైపు తిరిగి చూశాడు. అనాస కుచ్చు వెనక సీసా, మూత బిగించింది బిగించినట్టే ఉంది. కథ గుర్తొచ్చింది గానీ ఉప్పు గుర్తు రాలేదు. ఫ్రిజ్ మీది చీటీని పై నుంచి కిందిదాకా మనసులో చదువుకున్నాడు. కోడి, కారం, జీలకర్ర, మిరియాలు, వెల్లుల్లి, నిమ్మ, నూనె, మామిడి, అనాస, ఉల్లి, మిర్చి, కొత్తిమీర, నిమ్మ, సంతకం. ఆ పిల్ల వార్డుకు రాసినట్టే రాసింది. అతను వార్డుకు వండినట్టే వండాడు.

"వెయ్యలేదు," అన్నాడు.

"అదే చెబుతున్నాను. చప్పగా ఉంది." ఆమె మిగతా సగం ముక్క కూడా నోట్లో పెట్టుకుంది, ఈసారి ఇంకా నిదానంగా నమిలింది, చెకింగ్ బల్ల దగ్గర అంచు వెంట వేలు జరిపినట్టు. "పుల్లగా ఉంది, అది బాగానే కుదిరింది. కారం ఇంకాస్త పడొచ్చు. జీలకర్ర మాడింది."

అతను చేతిలో మిగిలిన ముక్కను పళ్ళెంలో పెట్టేశాడు.

"మాడింది మాస్టారూ. చివర్న చేదొస్తోంది. అక్కతో ఫోన్లో మాట్లాడుతూ వేయించావు గదా? మాడితే పారేసి మళ్ళీ వేయించాలని తెలీదా? ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు."

"నీకు తెలియదులే అనుకున్నాను," అన్నాడు. అనకుండా ఉండాల్సింది, కానీ అనేశాడు, అనేశాక మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు, మాంసం అంటిన చేతులు, కళ్ళలో కారం పడింది, కారమో ఇంకేమిటో. మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అంటున్నాడు, ఏం చెప్పమంటున్నాడో ఆమెకు తెలియలేదు ముందు. తర్వాత తెలిసింది. తన నాలుకను తను పై పళ్ళకు ఒకసారి ఆనించి చూసుకుంది. చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకుంది, ఆ పట్టులో బలం లేదు, అయినా పట్టుకుంది.

"అనుకోవా మరి," అంది. "ఏం పెట్టినా బాగుందంటుంటే ఎవరైనా అదే అనుకుంటారు. నువ్వు రోజంతా వండి వచ్చి మళ్ళీ వండుతుంటే ఇంకేమనమంటావు? తిండి ఎలాగూ తినలేకపోతున్నాను, మాటైనా మంచిది అందామని."

పెనం మీద మిగిలిన ముక్కలు చల్లారుతూ చిన్నగా చిటపటమన్నాయి. అప్పుడామె, "ఆ సీసా ఇలా పట్టుకురా," అంది. తెచ్చి మూత తీసి ముందు పెట్టాడు. చూపుడువేలూ బొటనవేలూ కలిపి చిటికెడు తీసింది, వేళ్ళు సన్నబడ్డాయి గానీ విదిలించడం అదే, తన పళ్ళెంలో ఒకసారి, అతని పళ్ళెంలో ఒకసారి, పండ్ల గిన్నెలో ఒకసారి. రెండో ముక్క తింది. అతను అడగకూడదనుకుంటూనే, "ఇప్పుడో?" అన్నాడు.

"ఇప్పుడు ఉప్పుంది. చేదు చేదే." మూడో ముక్క తుంచింది. తుంచిన చెయ్యి మధ్యలో ఆగింది. "నా బాణాల షీటు ఎక్కడుందయ్యా?"

చెంచాల సొరుగు లాగి తెచ్చిచ్చాడు. ఆమె గోటితో ఒకటి లేపబోయింది, పాత జిగురు, అంత తేలిగ్గా రాలేదు, అతను సాయం పట్టబోతే చెయ్యి తోసేసింది. వచ్చింది. దాన్ని జీలకర్ర డబ్బాకు అంటించమని అతని చేతికిచ్చి, ఇంకొకటి లేపి, లేచి నిలబడి, బల్ల మీదుగా వంగి అతని చొక్కా జేబు మీద తనే అంటించింది, మొన గుండె వైపుకు తిరిగి ఉండేలా సరిచేసి మరీ. కూర్చుంది. ఆయాసం తీరేదాకా ఆగి, పళ్ళెం దగ్గరికి లాక్కుని, ఇంకో రెండు ముక్కలు వెయ్యమంది.